ఎరువు, బదులు, అప్పు

అందరికీ నమస్కారం.

తీసుకున్నది తిరిగి ఇచ్చే వ్యవహారానికి మనవాళ్ళు ఒక్క మాటతో సరిపెట్టుకోలేదు. ఇచ్చినది ఏ రూపంలో తిరిగొస్తుందో చూసి పేరు పెట్టారు. ఇచ్చిన వస్తువే మళ్ళీ చేతికి రావాలంటే ఎరువు. అలాంటిదే ఇంకొకటి వచ్చినా చాలనుకుంటే బదులు. వడ్డీ కలుపుకుని రావాలంటే అప్పు. వాడుకలో ఈ గీతలు అక్కడక్కడా చెరిగిపోయాయి, వడ్డీ లేని అప్పులూ ఉన్నాయి. అయినా తేడా పూర్తిగా పోలేదు.

ఎరువు అనగానే ఇవాళ యూరియా, డీఏపీ గుర్తొస్తాయి. ఆ ఎరువు వేరు. దీన్ని ఎరవు అనీ, అరువు అనీ కూడా అంటారు. పెళ్ళికి పక్కింటావిడ కాసులపేరు పెట్టుకెళ్తే అది ఎరువు. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అని సామెత. మెడలో ఉన్నంతసేపూ ఎక్కడ జారిపోతుందోనని టెన్షనే కదా! గుండిగలు, గంగాళాలు కూడా ఇలాగే ఇంటింటికీ తిరిగేవి. గిన్నెల అంచున చుక్కలు చుక్కలుగా ఇంటిపేరు కొట్టించేది ఎందుకనుకున్నారు? పదిళ్ళ గిన్నెలు ఒక్క పందిట్లో కలిసిపోయినా ఎవరివి వాళ్ళకు చేరాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 148వ సెక్షన్‌లో, పని అయ్యాక అదే వస్తువును తిరిగి ఇచ్చేయాలన్న షరతుతో అప్పగించడం గురించి ఉంది. మన పెరళ్ళలో అది ఎరువే.

బదులు అరబీ నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చింది. ఉద్యోగుల బదిలీ కూడా దీని చుట్టమే. గ్లాసుడు పంచదార బదులు తెచ్చుకుంటే అదే పంచదార తిరిగివ్వం, తినేశాం కాబట్టి! ఇంకో గ్లాసుడు ఇస్తాం. మర్యాద తెలిసిన ఇల్లాలు తెచ్చినప్పుడు అంచు దాకా తెచ్చి, ఇచ్చేటప్పుడు కాస్త గోపురంగా పోసి ఇస్తుంది. ఆ కాస్తకి వడ్డీ అని పేరు పెడితే మాత్రం ఊరుకోదు. పాలల్లో వేసుకోవడానికి అడిగే చెంచాడు పెరుగు ఈ లెక్కలోకే రాదు. అది తోడు. దాన్ని తిరిగి అడిగినవాళ్ళను నేనైతే చూడలేదు.

అప్పు సంగతి చెప్పేదేముంది, పెళ్ళికోసం కుబేరుడి దగ్గర తీసుకుని వెంకటేశ్వరస్వామే ఇంకా వడ్డీ కడుతున్నాడంటారు. అందుకే ఆయన వడ్డికాసులవాడయ్యాడు.

నాకు ముచ్చటైన మాట చేబదులు. ఆఫీసుల్లో ఇప్పుడు హ్యాండ్ లోన్ అంటున్నారు. నోటు ఉండదు, సాక్షి ఉండడు, వడ్డీ ఉండదు. ఇలా ఇచ్చిన డబ్బుకి కూడా ఇచ్చిన రోజు నుంచి మూడేళ్ళలోపు దావా వేసుకోవచ్చని కాలపరిమితి చట్టం చెబుతోంది. కానీ ఎవరు వేస్తారు? ఇచ్చినవాడు క్యాంటీన్‌లో ఎదురుపడి, ‘ఏరా, ఆ మధ్య ఏదో...’ అని నసుగుతాడు. తీసుకున్నవాడు ‘జీతం పడగానే’ అంటాడు. ఆ టీ డబ్బులు కూడా ఇచ్చినవాడే కడతాడు.