కాలువలో దొరికిన పిస్తోలు చివరికి ఎక్కడికి చేరాలి?

[దృశ్యం: కోనసీమలో ఒక పంట కాలువ. గట్టు మీద జనం. నీళ్లలోంచి ఒక చెయ్యి పైకి లేస్తుంది.]

కాల్చినవాడు పిస్తోలు కాలువలో పారేశానన్నాడు. గజ ఈతగాడు రెండు గంటలు బురద దేవి దాన్ని పైకి తీశాడనుకుందాం. గట్టు మీదున్నవాళ్లలో ఎవరో ఒకరు వెంటనే తువ్వాలు తీస్తారు, తుడుద్దామని.

వద్దండీ! ఆయుధాలు తెలిసినవాళ్లు చూసి ప్రమాదం లేదన్నాక, దాన్ని అదే కాలువ నీళ్లు పోసిన డబ్బాలో పెట్టి, మూత బిగించి ల్యాబ్‌కు పంపాలి. నీళ్లలో ఉంటే తుప్పు పట్టదా అంటారేమో. తడి ఇనుముకు గాలి తగిలితేనే తుప్పు తొందరగా పడుతుంది. కడిగి అరుగు మీద వదిలేసిన కత్తిపీటను పొద్దున్నే చూడండి, తెలుస్తుంది.

[దృశ్యం: పిస్తోలు గొట్టం లోపల, దగ్గరగా]

గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. తూటా వాటిని ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి ఒంటి నిండా సన్న గీతలు పడతాయి. ల్యాబ్‌లో అదే పిస్తోలును నీళ్ల ట్యాంకులోకి పేల్చి, ఆ తూటానూ శవంలో దొరికిన తూటానూ మైక్రోస్కోప్ కింద పక్కపక్కన పెట్టి చూస్తారు. తుప్పు తినేసేది ఈ గీతల ఆధారాన్నే. సినిమాల్లో పోలీసు గొట్టంలో పెన్ను దూర్చి తుపాకీ ఎత్తుతాడు కదా, అది ఇంకో దరిద్రం. నాటు తుపాకీకైతే చాలాసార్లు గాడులే ఉండవు. అప్పుడు పేలిన కాట్రిడ్జ్ (మందూ తూటా కూరిన డబ్బీ) అడుగున తుపాకీ పిన్ను కొట్టిన గుర్తే దిక్కు.

[దృశ్యం: స్టేషన్ ఆవరణ. తీగలు అల్లుకుపోయిన పాత బైకులు.]

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం, స్వాధీనం చేసుకోవడాన్ని వీడియో తీయాలి. కోర్టు ముందుకొచ్చిన వస్తువు వివరాలు 14 రోజుల్లో రాయించి, ఫోటోలు తీయించి, ఆపైన 30 రోజుల్లో దాన్నేం చేయాలో ఉత్తర్వు ఇవ్వాలి. ఈ బైకులకు అది మంచిదే. తుపాకీ దగ్గర మాత్రం తొందర వద్దంటాను. అప్పీల్లో మళ్లీ పరీక్ష కావాలంటే ఫోటోను పేల్చి చూడలేం కదా!

అందాకా భద్రంగా ఉంచాలి, కింది అరలో కాదు. 2022 జులై వరద చూసిన లంకల వాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. లెక్క కూడా ఉండాలి. భీమవరంలో 30 అడుగుల విగ్రహమై నిలబడ్డ అల్లూరి సీతారామరాజు, 1922 ఆగస్టులో మన్యంలో మూడు స్టేషన్ల మీద పడి 26 తుపాకులు తీసుకున్నారు. ఏమేం తీసుకున్నారో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లారంటారు. పట్టుకుపోయినవాడే లెక్క రాస్తే, కాపలా కాసేవాళ్లు రాయకపోతే ఎలా?

[దృశ్యం: గ్యాస్ కట్టర్ నిప్పురవ్వలు]

కేసు పూర్తిగా ముగిశాక? దొంగిలించిన లైసెన్సు తుపాకీ అయితే లైసెన్సుదారుకే ఇవ్వాలి. అమెరికాలో కెంటకీ రాష్ట్రం పట్టుబడ్డ తుపాకులను డీలర్లకు వేలం వేస్తుంది. నాకది మింగుడుపడదు. అమెరికాలోనే మరో వింత ఉంది. చట్టం లెక్కలో తుపాకీ అంటే ఫ్రేమ్, అంటే మిగతా భాగాలన్నీ బిగించే చట్రం ఒక్కటే. దాన్ని కోసేసి, మిగతా భాగాలు అమ్ముకున్న సంస్థలూ ఉన్నాయి.

అందుకే పూర్తిగా కోయాలి. ముందు నంబరు ఫోటో తీసి, గొట్టం, ఫ్రేమ్, గొట్టాన్ని వెనకనుంచి మూసే బోల్టు అన్నీ మేజిస్ట్రేట్ పంపిన మనిషి కళ్లముందే ముక్కలు చేసి, ఆ ముక్కలు తూచి బరువు రిజిస్టర్లో రాయాలి. ఒక్కో పిస్తోలు కిలో అనుకుంటే, 50 పిస్తోళ్లకు 35 కిలోల ఇనుమే తేలిన రోజున ఎస్సై గారు ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదు. మిగతా 15 కిలోలు ఏ నాటు తుపాకీలోకి చేరాయో వెతకడానికి జీపు తీయాలి.