14 కావాలంటే 16 ఎందుకు కొనాలి?

అందరికీ నమస్కారం. ఈరోజు నేను మాట్లాడేది రెండు మిల్లీమీటర్ల గురించి. ఫ్యాబ్రికేషన్‌లో చేరిన కొత్తలో ఆ రెండు మిల్లీమీటర్లే నాకు నిద్ర లేకుండా చేశాయి.

ఒక ప్రెజర్ వెసెల్, అంటే లోపలి ఒత్తిడిని తట్టుకునే ఉక్కు ట్యాంకు, తీసుకుందాం. లోపలి వ్యాసం 2 మీటర్లు, డిజైన్ ప్రెజర్ 1.5 మెగాపాస్కల్. ప్లేటు ఎస్ఏ 516 గ్రేడ్ 70 రకం ఉక్కు. వెల్డులన్నిటికీ పూర్తి రేడియోగ్రఫీ, అంటే ఎక్స్‌రే లాంటి పరీక్ష. ప్రెజర్ వెసెల్స్ డిజైన్ కోడ్ అయిన ఏఎస్ఎంఈ సెక్షన్ 8, డివిజన్ 1 ప్రకారం లెక్క వేస్తే షెల్‌కు, అంటే గుండ్రటి ఒంటికి, మందం దాదాపు 11 మిల్లీమీటర్లు వస్తుంది. తుప్పు కోసం 3 కలిపితే 14. చివర్లు మూసే గిన్నెలాంటి మూతకు, అంటే ఎలిప్సోయిడల్ డిష్‌ఎండ్‌కూ ఇంచుమించు అంతే వస్తుంది.

షెల్‌కు 14 ప్లేటే తెప్పించండి, ఇబ్బంది లేదు. గుండ్రంగా చుట్టే రోలింగ్‌లో ప్లేటు పెద్దగా పలచబడదు. మిల్లు నుంచి పావు మిల్లీమీటరు తక్కువ వచ్చినా ఈ మందం ప్లేటుకు కోడ్ ఒప్పుకుంటుంది. పైపుతో చేసే నాజిల్‌కు, అంటే వెసెల్‌కు బయటి పైపులు కలిపే మూతికి, మాత్రం ఆ దయ లేదు. పైపు మందం 12.5 శాతం దాకా తక్కువ రావచ్చు, ఆ లోటు మన లెక్కలోనే తీసేయాలి. 8 అంగుళాల షెడ్యూల్ 40 (అది పైపు మందం తరగతి) పైపు మందం 8.18 మి.మీ. అని పట్టికలో ఉంటుంది, మనం నమ్మాల్సింది 7.16ని.

అసలు చిక్కు డిష్‌ఎండ్‌తోనే. చదును ప్లేటును గిన్నెలా వంచుతుంటే లోహం సాగుతుంది, సాగిన చోట పలచబడుతుంది, ముఖ్యంగా నకిల్ దగ్గర, అంటే అంచు వైపు బాగా వంపు తిరిగే చోట. ఎంత పలచబడుతుందో ఆ డిష్‌ఎండ్ చేసేవాళ్లనే అడగాలి, వాళ్ల ప్రెస్సు, డై వాళ్లకే తెలుసు. 12 శాతం అన్నారనుకోండి, 16 ప్లేటు 14.08 అవుతుంది. 14 ప్లేటైతే 12.3కి పడిపోతుంది.

మా డ్రాయింగ్‌లో డిష్‌ఎండ్‌కు ఉత్త "14 మి.మీ." అని ఉంది. పర్చేజ్ వాళ్లు 14 ప్లేటే కొన్నారు. వాళ్లను ఏమనగలం? "మలిచాక కనీసం 14" అని రాయాల్సింది మేము. తయారై వచ్చిన డిష్‌ఎండ్‌కు మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజ్ పెడితే నకిల్ దగ్గర 12.5 చూపించింది. "తుప్పుకి 3 వదిలారు కదా, అందులోంచి సర్దేద్దాం" అన్నాడు మాలో ఒకాయన. ఆ 3 మనది కాదండీ, వెసెల్ కొన్నవాడిది. ఇరవై ఏళ్ల తుప్పు కోసం అతను డబ్బిచ్చి కొనుక్కున్న మందం అది.

డిష్‌ఎండ్ పక్కన పడేశాం. డెలివరీ ఆలస్యమైంది, చీవాట్లు తిన్నాం. తర్వాత 16 ప్లేటుతో కొత్తది వచ్చింది. గేజ్ పట్టుకున్న నా చెయ్యి వణికింది, ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. నకిల్ చుట్టూ ఎక్కడ పెట్టినా 14.2 కంటే తగ్గలేదు.