నడక వేగంలో నడిచే బుల్లెట్: 1950ల నాటి ట్రయల్స్ బండిని మళ్లీ నిలబెట్టడం

[తెరపై: చెక్క షెడ్డు. స్టాండు మీద పాత బండి. హెడ్‌లైట్ లేదు, సీటు చిన్నది, వెనక టైరు లావుగా గళ్లుగళ్లుగా ఉంది.]

నమస్కారం. ఈ బండిని చూడగానే మనవాళ్లు ఎవరైనా "బుల్లెట్ కదా!" అంటారు. బుల్లెట్టే. కాకపోతే మద్రాసులో తయారైంది కాదు. ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో, రాయల్ ఎన్‌ఫీల్డ్ అసలు ఫ్యాక్టరీలో, 1950లలో తయారైన 350 ట్రయల్స్ బండి.

ట్రయల్స్ అంటే రేసు కాదు. వాగులో గుండ్రాళ్లు, బురద గట్టు, నున్నటి చెట్ల వేళ్లు... వాటి మీదుగా కాలు కింద పెట్టకుండా వెళ్లాలి. కాలు ఆనితే మార్కు పడుతుంది. బండి ఆగిపోతే ఒకేసారి ఐదు. ఎవరికి తక్కువ మార్కులు పడితే వాళ్లే గెలిచినట్టు. మనిషి నడిచే వేగమే ఎక్కువ ఇక్కడ.

ఆ రోజుల్లో ట్రయల్స్ బండికి వెనక సస్పెన్షన్ పెడితే టైరుకి పట్టు పోతుందని అందరూ గట్టిగా నమ్మేవారు. 1948 ఫిబ్రవరిలో కోల్మోర్ కప్ ట్రయల్‌కి రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు వెనక స్వింగింగ్ ఆర్మ్, అంటే చక్రం స్ప్రింగుల మీద పైకీ కిందికీ ఆడే చట్రం, ఉన్న బుల్లెట్ నమూనాలు తీసుకొచ్చారు. ఆ నమ్మకం అక్కడి నుంచే సడలడం మొదలైంది. తర్వాత జానీ బ్రిట్టన్ అనే కుర్రాడు ఎన్‌ఫీల్డ్ మీదే 1952లో, మళ్లీ 1957లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచాడు. ఆరు రోజులు స్కాట్లండ్ కొండల్లో సాగే పోటీ అది.

[తెరపై: విప్పిన సిలిండర్. లోపల కొలత తీస్తున్న చేతులు.]

బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 70 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 90. మన 350 బుల్లెట్ నడిపినవాళ్లకి ఈ అంకెలు కొత్తవి కావు. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. పాత బుల్లెట్ మీద చెయ్యి తిరిగిన మన మెకానిక్ ఎవరైనా ఈ ఇంజిన్ ముందు కూర్చుంటే సొంత ఊరికి వచ్చినట్టే ఉంటుంది.

ఇలాంటి బండి కొనగానే చాలామంది పెయింటుకీ, క్రోముకీ పరిగెడతారు. నేను ఒప్పుకోను. ఈ బండి పుట్టింది నిదానంగా నడవడానికి. దీని జబ్బులన్నీ స్లోలోనే, అంటే ఇంజిన్ నిదానంగా తిరిగేటప్పుడే, బయటపడతాయి. రోడ్డు మీద యాభైలో బ్రహ్మాండంగా పోయే ఇంజిన్, రాళ్ల మధ్య నడక వేగంలో ఒక్క ఫైరింగ్ తప్పిందంటే చాలు, ఐదు మార్కులు పడ్డట్టే. అందుకే నా పని స్లో కుదరడంతో మొదలవుతుంది, అది కుదిరేదాకా రంగు డబ్బా మూత తియ్యను.

[తెరపై: మాగ్నెటో, దగ్గరగా.]

ముందు మాగ్నెటో. బ్యాటరీ లేకుండా తనంతట తానే స్పార్క్ పుట్టించే భాగం ఇది. ఈ బండి నాకు వచ్చిన కొత్తలో చల్లగా ఉన్నప్పుడు రెండో కిక్‌కే అందుకునేది. ఇరవై నిమిషాలు తిరిగాక మిస్సింగ్ కొట్టి ఆగిపోయేది. ఆగితే ఇక అంతే, ఎన్ని కిక్కులు కొట్టినా పలికేది కాదు. గంట ఆగితే మళ్లీ మామూలే! కార్బురేటర్ విప్పాను, జెట్లు మార్చాను, ట్యాంకు కడిగాను. రెండు వారాలు టెన్షన్ పడ్డాక తెలిసింది, తప్పు పెట్రోలుది కాదు. మాగ్నెటోలో తిరిగే ఆర్మేచర్ లోపల చిన్న కండెన్సర్ ఉంటుంది. డెబ్బై ఏళ్లకి అది చచ్చిపోతుంది. వేడెక్కగానే స్పార్క్ సన్నబడిపోతుంది. స్పార్క్ కోసం విడిపోయే కొనలు, అంటే పాయింట్లు, గీకి, గ్యాప్ 12 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే దాదాపు 0.3 మిల్లీమీటర్లు పెట్టినా లాభం ఉండదు. ఆర్మేచర్ బయటికి తీసి, కొత్త కండెన్సర్ వేయించి, అవసరమైతే తీగ మళ్లీ చుట్టించాలి. ఖర్చవుతుంది, కానీ ఇక్కడ పొదుపు చెయ్యొద్దు.

తర్వాత కార్బురేటర్. అమాల్ కంపెనీ కార్బురేటర్‌లో గాలి దారి తెరిచి మూసే స్లైడ్ అరిగితే పక్కల నుంచి గాలి పీలుస్తుంది. స్లో ఒకసారి పెరుగుతుంది, ఒకసారి పడిపోతుంది, స్క్రూ ఎంత తిప్పినా నిలబడదు. స్లైడ్‌ని వేలితో అటూ ఇటూ కదిపి చూడండి. టకటకమంటే మార్చాల్సిందే.

[తెరపై: టైమింగ్ కవర్ తీస్తున్నారు. టార్చి వెలుగులో కవర్ లోపలి వైపు.]

ఇప్పుడు కాస్త దగ్గరికి రండి. ఈ కవర్ లోపల, క్రాంక్ కొసకి ఎదురుగా, గుండీ అంత కార్క్ సీల్ కనిపిస్తోందా? ఆయిల్ పంపు నుంచి వచ్చే ఆయిల్ దీని గుండానే క్రాంక్‌లోకి, అక్కడి నుంచి బిగ్ ఎండ్‌కి, అంటే కనెక్టింగ్ రాడ్ కింది కొస బేరింగ్‌కి, వెళ్తుంది. ఇది గట్టిపడి చిట్లితే ఆయిల్ పక్కకి కారిపోతుంది. బయట చుక్క కూడా కనబడదు, లోపల బిగ్ ఎండ్ ఎండిపోతుంది. చాలా చవక వస్తువు. కవర్ తీసిన ప్రతిసారీ కొత్తది వెయ్యండి. క్రాంక్ కొసన పంపుని తిప్పే వార్మ్, అంటే మరలాంటి గేరు, ఉంది చూశారా, దానిది ఎడమ మర. మామూలుగా విప్పినట్టు బలం చేస్తే ఇంకా బిగుసుకుంటుంది.

మళ్లీ బిగించాక ఫిల్టర్ గూట్లో ఆయిల్ నింపి, ప్లగ్ విప్పి, కిక్‌తో ఇంజిన్ కాసేపు ఊరికే తిప్పండి. ప్లగ్‌ని వైరుకే ఉంచి హెడ్‌కి ఆనించడం మర్చిపోవద్దు. స్పార్క్‌కి దారి లేకపోతే మాగ్నెటో లోపలి ఇన్సులేషన్ దెబ్బతింటుంది.

టాపెట్లు, అంటే వాల్వుల సందు, సరిచెయ్యడానికి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) అక్కర్లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, రెండు వాల్వులూ మూసుకున్న చోట, వాల్వుని నెట్టే కడ్డీని, అంటే పుష్‌రాడ్‌ని, రెండు వేళ్లతో తిప్పండి. సులువుగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఆడకూడదు. అంతే.

స్పానర్ల సంగతి ఒక్క మాట. ఈ నట్లు మిల్లీమీటర్లలో ఉండవు. విట్‌వర్త్, అంటే పాత బ్రిటిష్ కొలతల, స్పానర్ సెట్టు కొనుక్కోండి. దగ్గరగా ఉంది కదా అని మెట్రిక్ స్పానర్ వేస్తే నట్టు మూలలు గుండ్రమైపోతాయి.

[తెరపై: వెనక చక్రం. రిమ్ము పక్కన బోల్టు.]

టైర్లో గాలి చూస్తే మీకు పంక్చర్ అనిపిస్తుంది. రోడ్డు బండికి పాతిక పైచిలుకు పీఎస్ఐ పెడతాం, దీనికి ఐదారు. టైరు మెత్తగా రాయిని కరుచుకోవాలి. ఇంత తక్కువ గాలిలో టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వుని తెంపేస్తుంది కాబట్టి పట్టి ఉంచడానికి ఈ బోల్టు.

పెట్రోలు విషయంలోనూ జాగ్రత్త. 2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది. చలికాలం బండి పక్కన పెట్టేముందు ట్యాంకు, కార్బురేటర్ రెండూ ఖాళీ చేస్తాను.

వాగుల్లో తిరిగొచ్చిన రోజు ఎంత అలసటగా ఉన్నా మూడు పనులు చేస్తాను. బ్రేకు డ్రమ్ములు విప్పి ఆరబెట్టడం, చెయిన్‌కి ఆయిల్, పాయింట్ల కవర్ తీసి తడి తుడవడం. ప్రెషర్ వాటర్ మాత్రం చక్రాల బేరింగుల దరిదాపులకి రానివ్వను.

[తెరపై: కిక్. ఇంజిన్ అందుకుంది. వేరే శబ్దం లేదు.]

వినండి. ఒక్కో దెబ్బ విడివిడిగా వినిపిస్తోందా? బరువైన ఫ్లైవీల్ ఒక దెబ్బ నుంచి ఇంకో దెబ్బకి ఇంజిన్‌ని మోసుకెళ్తోంది. నలభై నిమిషాలుగా వేడిగా ఉంది, అయినా తప్పడం లేదు. ఇప్పుడు పెయింటు గురించి ఆలోచిస్తాను.