‘అహన’ కొత్త పేరా, పాత పేరా? స్టూడియో చర్చ

(చర్చలో పాల్గొన్నవారు: ఒక సంస్కృత అధ్యాపకురాలు, ఒక పురోహితులు, ఒక ప్రాథమిక పాఠశాల టీచర్. చదవడానికి వీలుగా అక్కడక్కడా కుదించాం.)

యాంకర్: నమస్కారం. ఈమధ్య ఏ బారసాల కార్డు తెరిచినా ఆద్య, అన్వి, ఆర్న, అహన... అంతా ‘అ’ గుణింతమే! వాటిలో ఒక్క పేరు పట్టుకుని మాట్లాడుకుందాం ఇవాళ. అహన. ఇది అరబ్బీ పేరని కొందరు, ఎవరో కల్పించిన పేరని కొందరు అంటున్నారు. మేడమ్, ఇది అసలు సంస్కృతమేనా?

అధ్యాపకురాలు: సంస్కృతమేనండీ, అందులో అనుమానం లేదు. ఋగ్వేదం మొదటి మండలం, 123వ సూక్తం, నాలుగో మంత్రం చూడండి. ఉషస్సును పొగిడే సూక్తం అది. ‘గృహం గృహమ్ అహనా యాత్యచ్ఛా, దివే దివే అధి నామా దధానా’ అంటాడు ఋషి. అహన ఇంటింటికీ వస్తుందట, రోజూ ఒక పేరు పెట్టుకుని వస్తుందట. పేర్ల గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి మంత్రం దొరకదు. యాస్కుడు అనే ప్రాచీన పండితుడు వ్యాఖ్యానం రాసిన వైదిక నిఘంటువులో ఉషస్సుకు 16 పేర్లు ఇచ్చారు. విభావరి, భాస్వతి, వాజిని, ద్యోతన... వాటిలో అహన ఒకటి. విభావరి తర్వాతి రోజుల్లో రాత్రికి పేరైంది, అది వేరే కథ.

యాంకర్: అంత పాతదైతే మన అమ్మమ్మల్లో, నానమ్మల్లో ఒక్క అహన కూడా లేదేం?

అధ్యాపకురాలు: వేదంలో ఉన్నంత మాత్రాన ఊళ్లోకి రాదు కదా. మన పేర్లు పురాణాల నుంచి, ఊరి దేవతల నుంచి, కొండల మీది దేవుళ్ల నుంచి వచ్చాయి. సీత, లక్ష్మి, వెంకాయమ్మ, మల్లమ్మ. ఇంట్లో రోజూ వినపడే పేర్లే పిల్లలకు పెట్టారు. అహన ఎవరి చెవిన పడింది? ఈ కాలంలో దాన్ని బయటికి తెచ్చినవారిలో శ్రీ అరవిందులను ముందు చెప్పుకోవాలి. 1915లో ఆయన ఇంగ్లీషు కవితల సంపుటి ఒకటి ‘అహన’ పేరుతోనే వచ్చింది. అందులో అహన అంటే లోకానికి దిగివచ్చే దైవ ఉషస్సు. ఆ తర్వాత సినిమావాళ్ల ఇళ్లకు చేరింది. హేమమాలిని గారి రెండో అమ్మాయి పేరు అహన, 1985లో పుట్టింది. మలయాళంలో అహానా కృష్ణ అనే నటి ఉంది. అప్పటి నుంచి పత్రికల్లో కనిపించే పేరైంది.

పురోహితులు: పత్రికల దాకా ఎందుకమ్మా, ఇప్పుడంతా ఫోనే. తండ్రి ఫోన్ నా ముఖం ముందు పెట్టి ‘పంతులు గారూ, ఈ ఇరవైలో ఏది బాగుంది’ అంటాడు. కృత్తిక ఒకటో పాదానికి ‘అ’ వస్తుంది. ఆ పాదంలో పుట్టిన పిల్లకు అహన పెట్టుకోమనండి, శుభం. కానీ రోహిణిలో పుట్టిన పిల్లకీ అహనే కావాలంటారు. సరే, జన్మనామం నక్షత్రం ప్రకారం పెట్టి చెవిలో చెబుతాం, వ్యవహార నామం మీ ఇష్టం అంటాను. గొడవ లేదు.

యాంకర్: టీచర్ గారూ, మీ బళ్లో ఉన్నారా అహనలు?

టీచర్: ఉన్నారండీ. ఒకటో తరగతిలో ఇద్దరు ఉండేసరికి ఇంటిపేరుతో పిలవాల్సి వచ్చింది. వాళ్లలో ఒకమ్మాయి వాళ్లమ్మ చేర్పించేటప్పుడు ‘ఈ పేరు ఎవరికీ లేదండీ, ఆరు నెలలు వెతికాం’ అంది. పక్క కుర్చీలో రెండో అహన వాళ్లమ్మ! (నవ్వులు) ఇంకో మాట చెప్పనా? పిల్లలు ఊరుకోరు కదా. అటెండెన్స్‌లో ‘అహన’ అనగానే వెనక బెంచీ నుంచి ‘అహ నా పెళ్లంట’ అని రాగం. 1957లో వచ్చిన మాయాబజార్ పాట ఈ పసివాళ్లకు ఎవరు నేర్పారో!

యాంకర్: తెలుగువాళ్లకు తప్పని తిప్పలు అవి. (నవ్వులు) మేడమ్, ఇంటర్నెట్‌లో అర్థాలు చూస్తే ‘అంతర్జ్యోతి’, ‘మరణం లేనిది’, ‘సూర్యుడి మొదటి కిరణం’ అని రకరకాలు రాశారు. ఏది నిజం?

అధ్యాపకురాలు: ఉషస్సు అన్నది సూటి అర్థం. అహస్సు అంటే పగలు. అహర్నిశలు అంటాం కదా, అందులో ఉన్న మాటతో దీన్ని కలుపుతారు. తొలి కిరణం అంటే దగ్గరగానే ఉంది, తప్పు పట్టను. అంతర్జ్యోతి మాత్రం వేదం సూటిగా చెప్పిన అర్థం కాదు. వేదంలోని ఉషస్సును అరవిందులు లోపలి వెలుగుగా వ్యాఖ్యానించారు. అక్కడి నుంచే జారి నిఘంటువు అర్థంలా చలామణీ అయిందని నా అంచనా. ‘మరణం లేనిది’ అన్నది ‘హన్’ అంటే చంపడం, ముందు ‘అ’ పెడితే చంపనిది అని ఎవరో విడగొట్టి చేసిన పని. పేర్ల సైట్లలో ఇది మామూలే. మైరా అనే పేరుకు సంస్కృతంలో ‘ప్రియమైనది’ అని రాస్తారు. దాన్ని నాలుగు వందల ఏళ్ల కిందట ఫుల్క్ గ్రెవిల్ అనే ఇంగ్లీషు కవి తన కవితల కోసం కల్పించుకున్నాడని అక్కడివాళ్లే చెబుతారు. అనయ అని ముద్దుగా పెట్టుకుంటున్నారు. సంస్కృత నిఘంటువు తీస్తే అనయం అంటే దుర్నీతి, ఆపద. ఆ లెక్కన అహన పెట్టుకున్నవాళ్లు అదృష్టవంతులు.

యాంకర్: లైన్‌లో తెనాలి నుంచి ఒక పెద్దావిడ ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే నాయనా. మా మనవరాలి పేరు అహనే. నాకు నోరు తిరగక ‘హనమ్మా’ అని పిలుస్తా. నా పేరు ఉష. నా పేరు పెట్టమంటే కోడలు ఒప్పుకోలేదు. అత్తగారి పేరు పెడితే పిల్లని తిట్టడానికి కూడా వీలుకాదంట! ఇందాక ఆ మేడమ్ చెప్పింది వింటే... అహనన్నా ఉషన్నా ఒకటేనా అమ్మా?

అధ్యాపకురాలు: ఒకటేనమ్మా. మీ పేరే పెట్టారు.

కాలర్: ఇప్పుడే చెప్తానుండు దానికి! (ఫోన్ కట్)

(నవ్వులు)

యాంకర్: ఆ ఇంట్లో ఇవాళ మన కార్యక్రమం పుణ్యమే. సరే, ఎందుకింత ఆదరణ? అర్థం తెలిసి పెడుతున్నారా?

టీచర్: తెలిసి కాదండీ. మూడక్షరాలు, ఒత్తు లేదు, సంయుక్తాక్షరం లేదు. ఢిల్లీలో పలుకుతారు, అమెరికాలోనూ పలుకుతారు. సగం మంది తల్లిదండ్రులు రేపు పిల్ల ఎక్కడ చదువుతుందో అన్న లెక్కతోనే పేరు వెతుకుతున్నారు. అర్థం తర్వాత చూసుకుంటారు, అది కూడా బంధువులు అడుగుతారని.

అధ్యాపకురాలు: నేనూ అదే అంటాను. ఉష, అరుణ ఒక తరం పేర్లు, ఇప్పుడు అమ్మమ్మల పేర్లు. అదే దేవతకు ఎవరూ వాడని పేరు దొరికింది.

యాంకర్: ‘టాప్ 10 పేర్లు’ అని జాబితాలు వస్తుంటాయి. వాటిని నమ్మొచ్చా?

టీచర్: అమెరికాలో సోషల్ సెక్యూరిటీ శాఖ ఏటా పుట్టిన పిల్లల పేర్ల లెక్కలు ఇస్తుంది. ఏడాదికి ఐదుగురికైనా పెట్టని పేరును అందులో వేయరు. మన దేశంలో అలాంటి ఏటేటా సర్కారీ జాబితా లేదు. ఇక్కడ కనిపించేవన్నీ ఏదో యాప్‌లో ఎంతమంది వెతికారన్న లెక్కలు. వెతికినవాళ్లంతా పెడతారా?

యాంకర్: స్పెల్లింగ్ సంగతి అడగాలి. కొందరు మొదట రెండు ‘ఏ’లు పెడుతున్నారు, కొందరు మధ్యలో. ఎందుకు?

పురోహితులు: న్యూమరాలజీ! నాకు సంబంధం లేదు బాబూ. కానీ రోజూ వింటున్నా కాబట్టి లెక్క చెబుతా. వాళ్ల పట్టీలో ‘ఏ’కి 1, ‘హెచ్’కి 5, ‘ఎన్’కి 5. ఒక్కో ‘ఏ’తో రాస్తే 1, 5, 1, 5, 1 కలిపి 13. దాన్ని కుదిస్తే 4. వాళ్లకు 13 అంటే టెన్షన్, 4 అంటే రాహువు. ఇంకో ‘ఏ’ తగిలిస్తే 14, కుదిస్తే 5, అంటే బుధుడు. అయిపోయింది, పిల్లకు గ్రహబలం వచ్చేసింది! రెండు వేలు తీసుకుని చెప్పే ముక్క ఇదే.

అధ్యాపకురాలు: దానివల్ల నాకో బాధ ఉంది. ముందు రెండు ‘ఏ’లు పెడితే తెలుగులో ‘ఆహన’ అని రాస్తున్నారు. ‘ఆహనస్’ అని వేరే వైదిక పదం ఉంది. ఋగ్వేదం పదో మండలం యమయమీ సంవాదంలో యముడు తన చెల్లెలు యమిని ఆ మాటతోనే మందలిస్తాడు. సిగ్గు విడిచినదానా అన్నట్టు. ఎవరూ భయపడొద్దు, పిల్ల పేరుకు దానితో చుట్టరికం లేదు. కానీ ‘అ’కు దీర్ఘం వద్దు.

టీచర్: ఈ గొడవ చివరికి మా అడ్మిషన్ రిజిస్టర్‌లో తేలుతుంది. జనన ధ్రువపత్రంలో ఒక స్పెల్లింగ్, ఆధార్‌లో ఇంకోటి, తెలుగులో మూడోది. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికి, పాస్‌పోర్టుకు జనన ధ్రువపత్రమే ఆధారం. ముందు అందులో సరిగ్గా రాయించండి.

యాంకర్: పేరు తేలలేదని రిజిస్ట్రేషన్ ఆపేవాళ్లు కూడా ఉన్నారు.

టీచర్: ఆపనక్కర్లేదు. 1969 జనన మరణాల నమోదు చట్టం 14వ సెక్షన్ ప్రకారం పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించొచ్చు. ఏడాదిలోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు. ఆ తర్వాతైతే 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుముతో చేరుస్తారు. మా బళ్లోకి వచ్చేసరికి మాత్రం ఒక్క స్పెల్లింగ్‌తో రండి.

పురోహితులు: పళ్లెంలో బియ్యం మీద ఉంగరంతో రాయించేది నేను తెలుగులోనే. అక్కడ ఎన్ని ‘ఏ’లని నన్నడగొద్దు.