రాడ్డు వేసిన కాలికి చీము: తప్పెవరిది?

యాంకర్: నమస్కారం, విశాఖ స్టూడియోకు స్వాగతం. గాజువాకలో బైకు ప్రమాదం. ఓ ప్రైవేటు ఆసుపత్రిలో కుర్రాడి కాలికి రాడ్డు వేశారు. ఇప్పుడు చీము. బంధువులు ధర్నాకు దిగారు. డాక్టర్‌గారూ, ఆపరేషన్ థియేటర్ శుభ్రంగా లేకపోవడం వల్లేనా?

ఎముకల డాక్టర్: అదొక్కటే అనలేం. ఎముక చర్మం చీల్చుకుని బయటికొస్తే రోడ్డు మీది మట్టితోనే క్రిములు లోపలికెళ్తాయి. అందుకే గాయం బాగా కడగాలి, యాంటీబయాటిక్ వెంటనే మొదలెట్టాలి. ఎక్కువగా కనిపించేది స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. అది రాడ్డు మీద పాచిలా పొర కట్టిందంటే...

వినియోగదారుల సంఘం నాయకుడు: పాచి సంగతి తర్వాతండీ! బిల్లు సంగతి చెప్పండి ముందు!

యాంకర్: వస్తాం సార్. థియేటర్ శుభ్రత...

నాయకుడు: నన్ను పూర్తి చెయ్యనివ్వండి! రెండోసారి కోత పెట్టి రెండోసారి బిల్లా?

డాక్టర్: చచ్చిపోయిన ఎముక ముక్కకు రక్తం అందదండీ. మందు వెళ్లేది రక్తంతోనే కదా! ఆ ముక్క తియ్యాలి. ఎముక నుంచే శాంపిల్ తీసి, ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు పంపాలి, పైపై చీము చాలదు. తర్వాత సాధారణంగా 4 నుంచి 6 వారాలు మందు.

నాయకుడు: ఆరు వారాలు బెడ్ ఛార్జీ! రాసుకోండి!

డాక్టర్: బెడ్ అనలేదు. ఎముక ఇన్‌ఫెక్షన్లపై 2019లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం ఓవివాలో మాత్రలు ఇంజెక్షన్లకు తీసిపోలేదు. తగిన మాత్ర అయితేనే...

నాయకుడు: అదిగో, ఆయన నోటే వచ్చింది! మాత్రతో పోయేదానికి కోత పెట్టారు!

డాక్టర్: నేనలా... (ఇద్దరూ ఒకేసారి)

కట్టు వైద్యుడు: మా నాటు కట్టుకైతే కోతే ఉండదు. పుత్తూరు కట్టుకు ఎక్కడెక్కడి నుంచో వస్తారు...

డాక్టర్: బయటపడ్డ ఎముక మీద పసరు పోసి కట్టేస్తే?

యాంకర్: పుత్తూరు దాకా వద్దండీ! భీమిలి నుంచి ఫోన్.

కాలర్: మా నాన్నకి సుగరండీ. బొటనవేలి పుండు మానట్లేదు. ఎక్స్‌రేలో ఏటీ లేదన్నారు.

డాక్టర్: ఎక్స్‌రేలో తేడా కనబడటానికి 10-14 రోజులు పట్టొచ్చు. స్టెరైల్ లోహపు పుల్లతో డాక్టర్ పుండు లోపల చూస్తారు. గట్టిగా ఎముక తగిలితే, ఎముకకూ ఇన్‌ఫెక్షన్ పాకిందని అనుమానించాల్సిందే. అవసరమైతే ఎమ్మారై. ఇక రోజూ పాదాలు...

నాయకుడు: ఎమ్మారై! ఇంకో బిల్లు! ఇదండీ దోపిడీ!

యాంకర్: ప్రేక్షకులు గమనించండి, థియేటర్ శుభ్రతపై జవాబు రాలేదు.

డాక్టర్: మీరు చెప్పనిస్తే కదా!

నాయకుడు: లైసెన్సు రద్దు చెయ్యాలి! కలెక్టరేట్ ముందు కూర్చుంటాం!

యాంకర్: చాలా బలంగా చెప్పారు సార్. చిన్న బ్రేక్.