గోడగడియారంలోని పెన్సిల్ సెల్లు

శ్రోతలకు నమస్కారం. దసరా దగ్గరపడుతోందంటే మన బరంపురం బడా బజారులో పట్టుచీరల కొట్లతో పాటు టీవీలు, స్పీకర్లు, హెడ్‌ఫోన్లు అమ్మే కొట్ల ముందు కూడా రంగుకాగితాలు వేలాడతాయి. సగం ధరకే ఇస్తామని ఒకరు, దానికి తోడు ఇంకొకటి ఉచితమని మరొకరు పిలుస్తారు. నాకు ఇచ్చిన ఈ కాస్త సమయంలో తక్కువ ధరకు మంచి స్పీకర్లు ఎలా దొరుకుతాయో, నాకు ఎలా దొరికాయో చెబుతాను. అందుకు కావలసిన పరికరం మీ ఇంట్లోనే, గోడగడియారంలో ఉంది.

ముందు వాట్ల గొడవ వదిలించుకుందాం. పెట్టె మీద వెయ్యి వాట్లని, రెండు వేల వాట్లని పెద్ద అక్షరాలతో రాసి, దాని పక్కన చిన్న అక్షరాలతో పీఎంపీఓ, అంటే ఒక్క క్షణం గరిష్ఠంగా ఇస్తుందని చెప్పుకునే వాట్లు, అని రాసి ఉంటే ఆ అంకెను చదవనట్టే ఊరుకోండి. దానిని ఎలా కొలవాలో అందరూ ఒప్పుకున్న పద్ధతి ఏదీ లేదు కనుక ఎవరికి తోచినంత వారు రాసుకోవచ్చు. చూడవలసింది ఆర్ఎంఎస్ అన్న అంకె, అంటే ఆగకుండా ఇవ్వగల వాట్లు. అదైనా రెట్టింపు అయితే శబ్దం రెట్టింపు కాదు. వాట్లు రెట్టింపయితే శబ్దాన్ని కొలిచే డెసిబెల్స్ లెక్కలో పెరిగేది 3 మాత్రమే. మన చెవికి శబ్దం రెట్టింపు అయినట్టు తోచాలంటే సుమారు పది రెట్లు వాట్లు కావాలి. అందుచేత ఇరవై వాట్ల జతకూ నలభై వాట్ల జతకూ మధ్య మీరు ఇచ్చే అదనపు డబ్బుకు తగినంత తేడా పది అడుగుల గదిలో వినబడదు. ఇది కొట్టువాళ్లకు నచ్చని మాటే గాని నిజం.

ఇక నా కథ. నాలుగేళ్ల క్రితం, కోరాపుట్‌కు బదిలీ అయిన ఒక బ్యాంకు ఉద్యోగి సామాను తగ్గించుకుంటూ తన పాత బాక్సు స్పీకర్ల జతను అమ్ముతున్నారని తెలిసింది. మంచి బరువైన చెక్క పెట్టెలు. ఒక్కొక్క దానిలో లోతైన శబ్దాలకు అన్నం పళ్లెమంత ఊఫరు, దాని పైన సన్నని శబ్దాలకు చిన్న ట్వీటరు. ఆయన అడిగిన ధర పన్నెండు వందలు. అంత తక్కువ ఎందుకంటే, కొన్నాళ్లుగా వాటిలో ఆ లోతైన శబ్దం, అదే బాస్, రావడం లేదని, పాట పెడితే డోలు దెబ్బ డబ్బా మీద కొట్టినట్టు వినబడుతోందని ఆయనే దాచకుండా చెప్పారు. ఆయన ఒడియాలో, నేను తెలుగులో, బేరం వచ్చేసరికి ఇద్దరమూ రెంటినీ కలగలిపి మాట్లాడుకున్నాము. కొనాలో మానాలో తేలక మర్నాడు వస్తానని చెప్పి, గిరి రోడ్డు వైపు సందులో నలభై ఏళ్లుగా రేడియోలు బాగుచేస్తున్న పెద్దాయనను వెంటబెట్టుకుని వెళ్లాను. నేను ఆయనను బాబాయీ అని పిలుస్తాను, ఆయన నన్ను మాస్టారూ అంటారు.

బాబాయి పాట పెట్టమనలేదు. ముందు గుడ్డ మూతలు తీయించి, రెండు చేతుల వేళ్లూ కోను, అంటే స్పీకరు ముందు కదిలే గరాటు, చుట్టూ సమంగా ఆనించి, పాపాయి పొట్ట మీద చెయ్యి వేసినంత మెత్తగా లోపలికి నొక్కి వదిలారు. కోను వెనుక ఉండే తీగచుట్ట అయస్కాంతానికి ఒరుసుకుంటూ ఉంటే ఇసుక రాపిడిలాంటి గరగర వినబడుతుందట. రెంటిలోనూ ఏ చప్పుడూ లేదు. తరువాత కోను అంచును గోటితో తడిమి, ఇది రబ్బరు, ఫోము కాదు అన్నారు. ఫోము అంచయితే పది పదిహేనేళ్లకు దానంతట అదే పొడిపొడిగా రాలిపోతుంది. గోపాలపురం సముద్రపు గాలి మన ఊరికి ఎంత దూరమో మీకు తెలుసు. మన వైపు తేమలో పాత సామాను కొనేవారు ముందుగా ముట్టుకోవలసింది ఆ అంచునే.

అప్పుడు బాబాయి తలెత్తి గోడ మీద గడియారం చూశారు. ఇంటాయనను అడిగి దానిని దింపించి, అందులోని పెన్సిల్ సెల్లు తీశారు. నాలుగూ పది దగ్గర ముల్లు ఆగిపోయింది. జేబులోంచి రెండు వైరు ముక్కలు తీసి, సెల్లు పైకొనను మొదటి బాక్సు వెనుక ఎర్ర టెర్మినల్‌కు, అడుగుకొనను నల్లదానికి ఒక్క క్షణం తగిలించారు. టప్‌మని చిన్న చప్పుడై కోను వెంట్రుకవాసి ముందుకు కదిలింది. రెండవ బాక్సుకూ అదే వరుసలో తగిలించారు. టప్ అన్నది గాని కోను ముందుకు రాలేదు, వెనక్కి పోయింది. మళ్లీ తగిలించారు. మళ్లీ వెనక్కే పోయింది.

రోగం దొరికింది. ఎప్పుడో ఎవరో ఆ బాక్సు విప్పి, లోపలి వైర్లను తారుమారుగా అతికించారు. పాపం, ఇంటాయన బయట ఎరుపును ఎరుపుకూ నలుపును నలుపుకూ సరిగ్గానే కలుపుకున్నారు. కాని ఒక కోను గాలిని ముందుకు తోస్తున్నప్పుడు రెండవది వెనక్కి లాగుతోంది. బాస్ శబ్దాల తరంగాలు పొడుగైనవి గనుక రెండు పెట్టెల నుంచి వచ్చినవి గదిలో ఒకదానినొకటి చంపేసుకుంటాయి. డోలు మాయమై డబ్బా మిగులుతుంది. స్పీకరు పాడవలేదు, తీగ తిరగబడింది, అంతే.

ఇక్కడ నాకు బాబాయి మీద కొంచెం కోపం వచ్చిన మాట దాచను. బేరం తెగకముందే ఆయన ఈ సంగతంతా ఇంటాయనకు పూసగుచ్చినట్టు చెప్పేశారు. రెండవ బాక్సు వైర్లు మార్చి పాట పెట్టేసరికి కిటికీ అద్దం కూడా తాళం వేసింది. ఇంటాయన కాసేపు తన్మయంగా విని, నవ్వి, పన్నెండు వందలు కాదు, పద్ధెనిమిది వందలు అన్నారు. ఇచ్చాను. ఆ జతకు అదీ తక్కువే. ఈనాటికీ మా ఇంట్లో అవే మోగుతున్నాయి.

ఈ సెల్లు పరీక్షను శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయరు లోపల లేని మామూలు బాక్సులకే చేయాలి, ఆంప్లిఫయరు వైర్లు ఊడదీసి చేయాలి, ఒక్క క్షణమే తగిలించాలి. కరెంటు ప్లగ్గు ఉన్న స్పీకర్ల జోలికీ హెడ్‌ఫోన్ల జోలికీ సెల్లుతో వెళ్లకండి.

హెడ్‌ఫోన్ల విషయం రెండు మాటలలో చెబుతాను. వైరు ఉన్నవాటిలో ముందుగా తెగేది ఫోనులో గుచ్చే జాక్ దగ్గర మెడ. పాట వింటూ ఆ మెడను మెల్లగా అటూ ఇటూ వంచితే, ఒక చెవిలో పాట పోయి వస్తూ ఉంటే దానిని వదిలేయండి. వైరు ఊడదీసి వేరేది పెట్టుకునే ఏర్పాటు, చెవి మెత్తలు మార్చుకునే వీలు ఉన్నవి నూరో రెండు నూర్లో ఎక్కువైనా కొనదగినవి. వైరు లేని చిన్న ఇయర్‌బడ్లను మాత్రం ఒకరు వాడినవి ఎంత చవకగా ఇచ్చినా నేను కొనను. వాటి లోపలి బ్యాటరీ వాడుతున్నకొద్దీ నీరసిస్తుంది, దానిని మార్చడం మన సందుల్లోని మెకానిక్కుల వల్ల అయ్యే పని కాదు. కొత్తవి కొనేవారు పండుగకు నెల ముందే ధర ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పండుగనాడు కొట్టివేసి చూపించే పాత ధరను కాక, మీ కాగితాన్ని చూసి కొనండి.

స్పీకర్లలాగే హెడ్‌ఫోన్లలో కూడా, ముఖ్యంగా ఒకసారి విప్పి అతికించిన వాటిలో, తీగలు తిరగబడి ఉండవచ్చు. దానిని పట్టుకోవడానికి సెల్లు అక్కరలేదు, ఒక మనిషి గొంతు చాలు. ఈ ప్రసంగాన్ని ఇప్పుడు హెడ్‌ఫోన్లలో వింటున్నవారు ఒక్కసారి కళ్లు మూసుకోండి. ఎడమ చెవికీ కుడి చెవికీ వెళుతున్నది ఒకే గొంతు కనుక, అది మీ తలకు సరిగ్గా నడిమధ్యన పలుకుతున్నట్టు ఉండాలి. అలా కాక, నా మాట ఏ చోటా నిలవకుండా రెండు పక్కలకూ చెదిరి, తల వెనుక నుంచి ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటే మీ హెడ్‌ఫోనులో ఒక పక్క తీగ తిరగబడిందన్నమాట. రేడియోకు రెండు బాక్సులు తగిలించుకుని వింటున్నవారు వాటికి సమదూరంలో, ఎదురుగా వచ్చి కూర్చోండి. నా గొంతు రెండు పెట్టెల మధ్య ఖాళీ గోడలోంచి రావాలి. రాకపోతే రేడియో కట్టివేసి, ఏదో ఒక పెట్టె వెనుక వైర్లు రెండూ అటుదిటు మార్చి, మళ్లీ పెట్టి చూడండి. నాకు ఇంకా ఒక నిమిషం ఉంది. మీరు వైర్లు మార్చుకుని వచ్చి కూర్చునేదాకా నేను మాట్లాడుతూనే ఉంటాను.