స్టార్టప్ ఇంగ్లీషు: పిండి ప్యాకెట్ నుంచి ఫండింగ్ దాకా

విజువల్: రాయదుర్గం నాలెడ్జ్ సిటీ. టీ-హబ్ భవనం బయటి నుంచి. మెట్రో దిగి నడిచి వస్తున్న కుర్రాళ్లు, మెడలో ఐడీ కార్డులు.

యాంకర్: "వియ్ ఆర్ బూట్‌స్ట్రాప్డ్, వియ్ హావ్ సిక్స్ మంత్స్ ఆఫ్ రన్‌వే, అండ్ వియ్ ఆర్ రైజింగ్ ఎ సీడ్ రౌండ్." స్టార్టప్‌లకు చోటిచ్చే టీ-హబ్‌లో ఏదైనా మీటప్‌కి వెళ్లండి, కాఫీ మెషీన్ దగ్గర ఇలాంటి వాక్యం ఒకటి చెవిన పడుతుంది. గ్రామర్ చూస్తే ఆరో తరగతి ఇంగ్లీషే. కానీ బీటెక్ ఫస్ట్ క్లాసులో పాసైనవాళ్లు కూడా తలూపి ఊరుకుంటారు. ఎదుటివాడు గొప్ప చెప్పుకుంటున్నాడో, కష్టం చెప్పుకుంటున్నాడో అర్థం కాదు మరి. పై వాక్యంలో రెండూ ఉన్నాయి.

యాభై పదాల లిస్టు చదివి వినిపించే వీడియో కాదిది. అలాంటివి బోలెడున్నాయి, పొద్దున చూస్తే సాయంత్రానికి గుర్తుండవు. స్టార్టప్ మాటలు చాలావరకు డబ్బు చుట్టూనే తిరుగుతాయి: ఎవరి డబ్బు, ఎంత, ఎన్నాళ్లు వస్తుంది. అందుకని ఒక్కో మాటనూ ఒక్కో అంకెతో కలిపి నేర్చుకుందాం. అంకె చెప్పకుండా ఎవరైనా ఈ మాటలు వాడుతుంటే కాస్త అనుమానించండి కూడా.

తెరపై: ఇడ్లీ పిండి, కిలో ప్యాకెట్ 90 రూపాయలు.

యాంకర్: లెక్క కోసం ఒక కంపెనీని ఊహించుకుందాం. ఇద్దరు స్నేహితులు కూకట్‌పల్లిలో చిన్న షెడ్డు అద్దెకు తీసుకున్నారు. పెద్ద వెట్ గ్రైండర్లు పెట్టారు. రాత్రి పిండి రుబ్బి, తెల్లారేసరికి మియాపూర్, కొండాపూర్ అపార్ట్‌మెంట్లకు ప్యాకెట్లు చేరుస్తున్నారు. ఆర్డర్లు యాప్‌లో వస్తాయి.

వీళ్లు ఇద్దరూ ఫౌండర్లు, ఒకరికొకరు కో-ఫౌండర్లు. ఇద్దరూ పెట్టింది సొంత డబ్బు: పాత ఉద్యోగంలో దాచుకున్నది కొంత, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి తెచ్చింది కొంత. ఇలా బయటివాళ్ల పెట్టుబడి లేకుండా నడిపే కంపెనీని బూట్‌స్ట్రాప్డ్ అంటారు. చెన్నై సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో ఇంత పెద్దదయ్యాక కూడా బూట్‌స్ట్రాప్డ్ కంపెనీయే. కాబట్టి ఆ మాట చిన్నతనంగా చెప్పక్కర్లేదు. గట్టిగానే అనండి: "వియ్ ఆర్ బూట్‌స్ట్రాప్డ్."

అమీర్‌పేటలో కర్రీ పాయింట్ పెడితే అది కూడా స్టార్టప్పేనా? పెట్టిన ఏడాదే లాభం తెచ్చి ఇల్లు గడిపితే అది మంచి వ్యాపారం. స్టార్టప్ అనే మాట సాధారణంగా వేగంగా పెరగాలని కట్టిన కంపెనీకి వాడతారు. వంద మంది కస్టమర్లకు పనిచేసిన పద్ధతి లక్ష మందికీ పనిచేయాలి. దాన్ని స్కేల్ అంటారు. ఇన్వెస్టర్ "డజ్ ఇట్ స్కేల్?" అని అడిగితే, పది ఇళ్లకు బదులు పదివేల ఇళ్లకు పంపాల్సి వస్తే ఖర్చూ అన్ని రెట్లూ పెరుగుతుందా, లేక ఒక్కో ఇంటికయ్యే ఖర్చు తగ్గుతుందా అని అడుగుతున్నట్టు.

విజువల్: మూడు మాటలు వేగంగా తెర మీదికి వచ్చి పోవాలి: బీటూసీ, బీటూబీ, సాస్.

యాంకర్: వీటి దగ్గర ఎక్కువసేపు ఆగొద్దు. నేరుగా ఇళ్లకు అమ్మితే బీటూసీ. హాస్టళ్లకు, టిఫిన్ సెంటర్లకు అమ్మితే బీటూబీ. సాఫ్ట్‌వేర్‌ని నెలవారీ లేదా ఏడాది చందా మీద ఇస్తే సాస్, అంటే సాఫ్ట్‌వేర్ యాజ్ ఎ సర్వీస్. మన హైదరాబాద్ డార్విన్‌బాక్స్ కంపెనీల హెచ్‌ఆర్ పనులకు సాఫ్ట్‌వేర్ అమ్ముతుంది, అంటే బీటూబీ సాస్. 2022 జనవరిలో అది యూనికార్న్ అయింది. యూనికార్న్ అంటే వంద కోట్ల డాలర్ల విలువ దాటిన, ఇంకా షేర్ మార్కెట్లో లిస్ట్ కాని కంపెనీ. ఐలీన్ లీ అనే ఇన్వెస్టర్ 2013లో ఆ పేరు పెట్టారు. అప్పట్లో అలాంటివి అరుదు కాబట్టి కథల్లో తప్ప కనిపించని ఒంటికొమ్ము గుర్రం పేరు.

తెరపై: ఒక మిలియన్ = 10 లక్షలు. ఒక బిలియన్ = 100 కోట్లు.

యాంకర్: దీన్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఇంటర్వ్యూల్లో, పిచ్‌ల్లో, అంటే ఇన్వెస్టర్‌కి కంపెనీ గురించి చెప్పేటప్పుడు, మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. డాలర్ 85 రూపాయలనుకుంటే ఒక మిలియన్ డాలర్లు ఎనిమిదిన్నర కోట్లు. హైదరాబాద్ ఇన్వెస్టర్‌తో మాట్లాడేటప్పుడు నిక్షేపంగా "టూ క్రోర్స్", "ఫిఫ్టీ ల్యాక్స్" అనొచ్చు. అమెరికా వాళ్లతో జూమ్ కాల్‌లో మాత్రం మిలియన్లలో చెప్పండి. ల్యాక్ అంటే వాళ్లకు లోటు అని వినిపిస్తుంది, మీ కంపెనీకి డబ్బు లోటుందని ముందే ఒప్పుకున్నట్టవుతుంది.

విజువల్: బోర్డు మీద లెక్క. బ్యాంకులో 18 లక్షలు. నెల ఖర్చు 5 లక్షలు. నెల అమ్మకాలు 2 లక్షలు.

యాంకర్: ఇప్పుడు అసలు మాటలు. మన పిండి కంపెనీకి నెలకు అమ్మకాల మీద వచ్చేది 2 లక్షలు. ఇది రెవెన్యూ. మనకు రెవెన్యూ అనగానే తహసీల్దారు ఆఫీసు, పాసు పుస్తకం గుర్తొస్తాయి, ఆ రెవెన్యూ వేరు. ఇక్కడ రెవెన్యూ అంటే ఖర్చులు తీయకముందు వచ్చిన రాబడి. ఖర్చులన్నీ తీశాక మిగిలితే ప్రాఫిట్. "మాకు నెలకు 2 లక్షల రెవెన్యూ" అని ఎవరైనా అంటే 2 లక్షలు ఇంటికి పట్టుకెళ్తున్నారని కాదు.

నెల ఖర్చు 5 లక్షలు: మినప్పప్పు, బియ్యం, ప్యాకింగ్, డెలివరీ కుర్రాళ్ల జీతాలు, షెడ్డు అద్దె, కరెంటు, ప్రకటనలు. రాబడి పోను నెలకు 3 లక్షలు చేతి నుంచి పోతున్నాయి. ఈ పోయే డబ్బే బర్న్. "అవర్ మంత్లీ బర్న్ ఈజ్ త్రీ ల్యాక్స్." మొత్తం ఖర్చు 5 లక్షలు గ్రాస్ బర్న్, రాబడి తీసేశాక 3 లక్షలు నెట్ బర్న్. ఉట్టి బర్న్ అంటే ఎక్కువగా నెట్ అనే అర్థం, అయినా ఏది అంటున్నారో అడిగి తెలుసుకోవడం మేలు.

బ్యాంకులో 18 లక్షలు. నెలకు 3 లక్షల చొప్పున పోతే ఆరు నెలలు. ఇదే రన్‌వే. శంషాబాద్‌లో విమానం రన్‌వే అయిపోయేలోపు గాల్లోకి లేవాలి, కంపెనీ కూడా డబ్బు అయిపోయేలోపు లాభంలోకైనా రావాలి, కొత్త పెట్టుబడైనా తెచ్చుకోవాలి. ఇప్పుడు మొదటి వాక్యం మళ్లీ వినండి: "వియ్ హావ్ సిక్స్ మంత్స్ ఆఫ్ రన్‌వే." ఆ మాట అన్నవాడు నవ్వుతూనే చెప్పి ఉండొచ్చు, కానీ రాత్రిళ్లు నిద్ర పట్టకపోయే అంకె అది. ఫండింగ్ మాటలు మొదలైన రోజు నుంచి డబ్బు ఖాతాలో పడేదాకా నెలలు పట్టొచ్చు కదా.

పిండి కంపెనీకి ఆరు నెలలు టెన్షన్, రాకెట్ కంపెనీకైతే అసలు చాలవు. హైదరాబాద్‌లో 2018లో మొదలైన స్కైరూట్ తొలి రాకెట్ విక్రమ్-ఎస్‌ను 2022 నవంబర్ 18న ప్రయోగించింది. మధ్యలో నాలుగేళ్లు. ఇలా కష్టమైన సైన్సు, ఇంజినీరింగ్ మీద ఏళ్ల తరబడి పనిచేసే కంపెనీలను డీప్‌టెక్ అంటారు, అమ్మకాలు మొదలుకాని దశను ప్రీ-రెవెన్యూ అంటారు. రాకెట్ వాళ్లు "వియ్ ఆర్ ప్రీ-రెవెన్యూ" అంటే ఇన్వెస్టర్ వింటాడు. ఇడ్లీ పిండి వాళ్లు రెండేళ్ల తర్వాత కూడా అదే మాటంటే వినడు.

తెరపై: 90 - 65 - 15 = 10

యాంకర్: ఒక్క ప్యాకెట్ లెక్క చూద్దాం. అమ్మేది 90కి. సరుకు, ప్యాకింగ్ 65. డెలివరీ 15. మిగిలేది 10. ఈ ఒక్క ప్యాకెట్ లెక్కనే యూనిట్ ఎకనామిక్స్ అంటారు. పేరు పెద్దది, లోపలున్నది కిరాణా కొట్టు లెక్క. పోయిన నెల అపార్ట్‌మెంట్లలో పాంప్లెట్లు, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు కలిపి 60 వేలు పెట్టారు, 200 మంది కొత్త కస్టమర్లు వచ్చారు. ఒక్కొక్కరికి 300 అయింది. దీని పేరు క్యాక్, అంటే కస్టమర్ అక్విజిషన్ కాస్ట్. ఒక కస్టమర్ నెలకు నాలుగు ప్యాకెట్లు కొంటే 40 రూపాయలు మిగులుతుంది. పెట్టిన 300 తిరిగి రావడానికి ఏడున్నర నెలలు. ఈలోపు ఆ ఇంటివాళ్లు "పిండి పులిసిపోతోంది" అని మానేస్తే? అలా మానేసే కస్టమర్ల శాతాన్ని చర్న్ అంటారు. మజ్జిగ చిలికినట్టు ధ్వనిస్తుంది కానీ కంపెనీని లోపల్నుంచి తినేది అదే. నన్నడిగితే పిచ్‌కి వెళ్లేముందు ఇంకేం గుర్తున్నా లేకున్నా మీ చర్న్ అంకె నోటికి రావాలి. చాలామంది దాని దగ్గరే నీళ్లు నములుతారు.

విజువల్: ఇద్దరు ఫౌండర్లు ల్యాప్‌టాప్‌తో ఒక టేబుల్ దగ్గర, ఎదురుగా ఇన్వెస్టర్.

యాంకర్: ఇక డబ్బు అడగడం. "ఐ వాంట్ మనీ ఫ్రమ్ యూ" అనకండి, చేబదులు అడిగినట్టుంటుంది. "వియ్ ఆర్ రైజింగ్ వన్ క్రోర్" అనండి. వెంటనే ఎందుకో చెప్పండి: "టు ఓపెన్ టూ మోర్ కిచెన్స్." తొలిదశలో సొంత జేబులోంచి పెట్టే వ్యక్తి ఏంజెల్. న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాలకు పెట్టుబడి పెట్టేవాళ్లను పిలిచిన పేరిది, అక్కణ్నుంచి ఇటొచ్చింది. మన దేశంలో 2012లో వచ్చి ఫౌండర్లను తిప్పలు పెట్టిన ఏంజెల్ ట్యాక్స్‌ని, అంటే షేర్ల సరైన విలువకు మించి వచ్చిన పెట్టుబడి మీద వేసే పన్నుని, 2024 జులై బడ్జెట్‌లో రద్దు చేశారు. ఇతరుల డబ్బు ఫండ్‌గా పోగుచేసి పెట్టేవాళ్లు వీసీలు, అంటే వెంచర్ క్యాపిటలిస్టులు. పెట్టుబడి తెచ్చే ఒక్కో విడతను రౌండ్ అంటారు: మొదట సీడ్ రౌండ్, ఆ తర్వాత సిరీస్ ఏ, బీ, సీ.

ఇన్వెస్టర్ "వాట్ ఈజ్ యువర్ వాల్యుయేషన్?" అంటాడు. మన ఫౌండర్లు "ఫోర్ క్రోర్స్ ప్రీ-మనీ" అన్నారనుకుందాం. కొత్త డబ్బు రాకముందు కంపెనీ విలువ 4 కోట్లు. 1 కోటి వచ్చి కలిస్తే 5 కోట్లు, అది పోస్ట్-మనీ. ఇన్వెస్టర్ వాటా ఐదింట ఒకటి, 20 శాతం. సగం సగం ఉన్న ఫౌండర్లకు ఇప్పుడు 40, 40. ఈ తరుగుదలే డైల్యూషన్. అదే 4 కోట్లను ఇన్వెస్టర్ పోస్ట్-మనీ అనుకుంటే అతని వాటా 25 శాతం అవుతుంది. ఒక్క ముక్క తేడాతో 5 శాతం కంపెనీ చేయి మారుతుంది, కాబట్టి ఆ ముక్కను కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితమే టర్మ్ షీట్.

కోటి రాగానే ఊపిరి పీల్చుకోవచ్చా? కొత్త కిచెన్లు, కొత్త మనుషులు కలిసి బర్న్ 10 లక్షలైతే, పాత 18 లక్షలతో కలిపినా రన్‌వే పన్నెండు నెలలకు కాస్త తక్కువే.

తెరపై: "ఇట్స్ ఎ బిట్ ఎర్లీ ఫర్ అస్." "లెట్స్ స్టే ఇన్ టచ్." "కీప్ అస్ పోస్టెడ్."

యాంకర్: ఈ మూడు ఎక్కువగా మీటింగ్ చివర్లో వస్తాయి. మూడింటి అర్థం దాదాపు ఒకటే: ఇవ్వం. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అన్నట్టే. బాధపడక్కర్లేదు, వాదించక్కర్లేదు. "వాట్ నంబర్ వుడ్ చేంజ్ యువర్ మైండ్?" అని మర్యాదగా అడగండి. "వెయ్యి మంది నెలనెలా కొనే కస్టమర్లు" లాంటి జవాబు వస్తే అదే మీ తర్వాతి టార్గెట్. వాళ్లడిగే ట్రాక్షన్ అంటే అదే, జనం కొంటున్నారనడానికి రుజువు.

ఎంత చేసినా కొనకపోతే దారి మార్చడాన్ని పివట్ అంటారు. గ్లిచ్ అనే ఆన్‌లైన్ గేమ్ 2012లో మూతపడింది. ఆ టీమ్ తమలో తాము మాట్లాడుకోవడానికి కట్టుకున్న చాట్ టూలే ఇవాళ ఆఫీసుల్లో వాడే స్లాక్. కంపెనీని అమ్మేసి బయటపడితే ఎగ్జిట్. దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్ టికెట్ దొరక్క ఫణీంద్ర సామ మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు. 2013లో దాన్ని ఐబిబో గ్రూప్ కొనుక్కుంది. తర్వాత ఆయన తెలంగాణ ప్రభుత్వానికి చీఫ్ ఇన్నోవేషన్ ఆఫీసర్‌గానూ పనిచేశారు.

విజువల్: ఆఫర్ లెటర్ మీద ఒక వరుస హైలైట్: ఈసాప్స్, 10,000 ఆప్షన్లు.

యాంకర్: కంపెనీ పెట్టే ఆలోచన లేదు, ఉద్యోగమే చేస్తానంటారా? మీకు ఈ ఒక్కటి తప్పనిసరి. స్టార్టప్ ఆఫర్ లెటర్‌లో జీతం తక్కువుండి, పక్కన పదివేల ఈసాప్స్ అని ఉండొచ్చు. ఈసాప్ అంటే ముందే ఖరారు చేసిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు. ఊరికే ఇచ్చిన షేర్లు కావు. ఆ ధరను ఎక్సర్‌సైజ్ ప్రైస్ అంటారు. హక్కు ఒక్క రోజులో రాదు, సాధారణంగా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా వస్తుంది, అది వెస్టింగ్. మొదటి ఏడాది లోపు మానేస్తే ఏమీ రాదు, ఆ గడువు క్లిఫ్. మన దేశ కంపెనీల నిబంధనల్లోనే కనీసం ఏడాది గడువుంది.

పదివేలు అనే అంకె చూడ్డానికి ఘనంగా ఉంటుంది. కంపెనీలో మొత్తం కోటి షేర్లుంటే అది 0.1 శాతం. పది లక్షలే ఉంటే 1 శాతం. అందుకని సంతకం పెట్టేముందు హెచ్‌ఆర్‌కి ఈ మెయిల్ పంపండి: "కుడ్ యూ ప్లీజ్ షేర్ ది టోటల్ నంబర్ ఆఫ్ షేర్స్, ది ఎక్సర్‌సైజ్ ప్రైస్ అండ్ ది వెస్టింగ్ షెడ్యూల్?" మూడింటికీ రాతపూర్వకంగా జవాబు వస్తే ఈసాప్స్‌ని లెక్కలోకి తీసుకోండి. "జాయిన్ అయ్యాక చూద్దాం లెండి" అంటే వాటిని సున్నా అనుకుని, జీతం అంకె ఒక్కటే చూసి నిర్ణయించుకోండి.